పెద్దసుబ్బయ్య శెట్టి పత్తి పరీక్ష

కోడుమూరులో పెద్దసుబ్బయ్య శెట్టి అంగట్లో దుడ్లిస్తే పత్తి విత్తనాలు దొరకవు. పరీక్ష పాసయితే దొరుకుతాయి.

ఇది మాట వరసకు అంటున్నది కాదు. ఎదురంగడికి పోతే నోటు బల్ల మీద పెట్టేలోపే పొట్లం చేతిలో పెట్టి, పైగా ఒక చల్లని సోడా తాగించి పంపేవాళ్ళు. శెట్టి నోటు వంకైనా చూసేవాడు కాడు. కళ్ళద్దాలు ముక్కు కొసకు జారిపోతుంటే, తల కిందికి వాల్చుకుని, నేలను అడుగుతున్నట్టుగా అడిగేవాడు.

"క్రిమి యాడ ఉంటుంది?"

"ఏం క్రిమి శెట్టీ?"

"పో. నేర్చుకుని వచ్చే వారం రా."

అంతే. ఎంత పెద్ద రైతైనా, ఎంత దూరం నుంచి బస్సెక్కి వచ్చినా, అక్కడితో ఆ పూటకు తిరుగుముఖమే.

ఈ జబ్బు ఆయనకు నంద్యాలలో అంటుకుంది. కాయతొలిచే పురుగును చంపే కొత్త పత్తి రాష్ట్రంలోకి వచ్చిన ఏడాది, రెండువేల రెండులో, విత్తనాల వ్యాపారులకు అక్కడ తరగతులు పెట్టారు. మిగతా వ్యాపారులు తరగతిలో నిద్రపోయి భోజనానికి లేచారు. శెట్టి భోజనం సంగతే మరిచిపోయి విన్నాడు. ఇంటికి వచ్చీ రాగానే భార్య నాగేంద్రమ్మను పొయ్యి దగ్గర నుంచి లేపి కూర్చోబెట్టాడు.

"మన్నులో ఒక క్రిమి ఉండాదంటనే! కంటికి కనబడదు. చెట్టు జాతకాన్నే మార్చేస్తుందంట!"

"మన అంగడి జాతకం మార్చే క్రిమి ఏమన్నా ఉందేమో అడగకపోయినారా?" అంది నాగేంద్రమ్మ, మాడుతున్న పోపు వాసన పీల్చుకుంటూ.

ఆ రోజు నుంచి ఆ కథ వినని మనిషి కోడుమూరులో లేడు. ఉప్పు అంగడివాడు విన్నాడు. టికెట్టు కొట్టడానికి వచ్చిన కండక్టరు విన్నాడు. మంగలి సగం గడ్డం గీసి కత్తి పట్టుకుని నిలబడి విన్నాడు. శెట్టి ఆ కథను ఒకే తీరుగా చెప్పేవాడు.

"ఈ క్రిమి ఇల్లరికపు అల్లుడి లాంటిదప్పా. చెట్టుకు యాడన్నా గాయమైతే చాలు, వాసన పట్టి వస్తుంది. వచ్చి ఊరికే కూచోదు. చెట్టు లోపల ఏం వండాల్నో, ఎట్ల వండాల్నో రాసిపెట్టి ఉంటుంది చూడు, దాంట్లో తన రాత ఒక తునక అతికిస్తుంది. ఇంగ చెట్టు అల్లునికి ఇష్టమైంది వండుతానే ఉంటుంది. ఆడ గడ్డ లేస్తుంది. ఆ గడ్డలో కూచుని వీడు మెక్కుతాంటాడు."

"అయితే చెడ్డోడే కదా శెట్టీ?"

"చెడ్డోడే! మన సైంటిస్టులు ఏం చేసినారు? వాని మూటలోంచి ఆ తిండియావ తునక తీసి పారేసినారు. మన్నులోనే ఇంగొక క్రిమి ఉంటుంది. దాని దగ్గర పురుగుకు విషమయ్యే తునక ఉంది. దాన్ని తెచ్చి వీని మూటలో కట్టినారు. వీనికి మూటలో ఏముందో తెల్దు. అలవాటు ప్రకారం పోయి పత్తిలో అతికించి వచ్చినాడు. ఇంగ ఆ ఆకు తిన్న పురుగు ఆ ఆకు మీదనే పడుకుంటుంది."

జనం ఆ క్రిమికి 'శెట్టిగారి అల్లుడు' అని పేరు పెట్టేశారు. దీనితో ఒక చిక్కు వచ్చింది. శెట్టికి నిజం అల్లుడొకడున్నాడు. పేరు వేణుగోపాల్, ప్రొద్దుటూరులో బట్టల వ్యాపారం. ఒకసారి అత్తగారింటికి వచ్చి లోపల కాఫీ తాగుతున్నాడు. బయట అంగట్లో మామ గొంతు వినబడింది.

"అల్లుడు ఇంట్లో దూరి ఏం చేస్తాడు?"

"తిష్ట వేసి మెక్కుతాడు!" అని ఒక రైతు గట్టిగా చెప్పాడు.

"భేష్! మరి మనమేం చెయ్యాల?"

"వాని మూట ఇప్పి చూడాల!"

వేణుగోపాల్ కాఫీ గ్లాసు కింద పెట్టి, మూట కాదు గానీ తన పెట్టె తీసుకుని, సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయాడు. నాగేంద్రమ్మ ప్రొద్దుటూరు పోయి అల్లుడిని బతిమాలింది. ఆమె ఒక్కతే పోయి ఉంటే సర్దుకునేదే. శెట్టి కూడా పోయి, అపార్థం తొలగించడానికని క్రిమి కథ మొదటి నుంచి చివరిదాకా అల్లుడికి వివరంగా చెప్పాడు. ఆ తర్వాత ఆ అల్లుడు సంవత్సరం పాటు కోడుమూరు గడప తొక్కలేదు.

ఇక హనుమాపురం హులిగెమ్మ సంగతి.

హులిగెమ్మకు మాటల మనుషులంటే మొదటి నుంచీ గిట్టదు. గుంటక తోలడం వచ్చినవాడు గుంటక తోలతాడు, రానివాడు గుంటక గురించి చెప్తాడు అని ఆమె నమ్మకం. అలాంటి మనిషికి, విత్తనం అమ్మేవాడు కథ చెప్పడమే కాకుండా తిరిగి అప్పజెప్పమనడం ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు.

అయినా ఆమెకు పత్తి కావాలి. గట్టి కారణమే ఉంది. వానలు మొగం చాటేసిన ఏడాది కోడుమూరు చుట్టుపక్కల పల్లెల్లో ఇళ్ళకు తాళాలు పడతాయి. జనం పిల్లాజెల్లాతో గుంటూరు వైపు మిరపకాయలు కొయ్యడానికి పోతారు. సుగ్గికి పోవడం అంటారు దాన్ని. హులిగెమ్మ చాలా సుగ్గిలు చేసింది. ఇప్పుడు కూతురు శివలీల పదో తరగతిలోకి వచ్చింది. ఈ ఏడు తాళం పడిందంటే పిల్ల పరీక్షలు గుంటూరు మిరపచేలో కలిసిపోతాయి. రోడ్డు పక్క నల్లచేలల్లో పత్తి తెల్లగా పగిలి నవ్వుతుంటే, గుట్ట కింద తన మూడెకరాల్లో కూడా అలాగే పగిలితే ఇక సుగ్గి పీడ వదులుతుందని ఆమె లెక్క.

మరి ఎదురంగట్లో కొనుక్కోవచ్చు కదా అంటారేమో. కొందరు కొన్నారు. కానీ శెట్టి పరీక్ష ఆ పల్లెల్లో పరువు మీదికి వచ్చింది. ఎవరు పాసయ్యారు, ఎవరు తప్పారు అని రచ్చకట్ట మీద పందేలు కాసేవాళ్ళు. తప్పినవాడు ఎదురంగడికి పోతే, 'కాపీ కొట్టినాడప్పా' అని పిల్లలు కూడా నవ్వేవాళ్ళు. హులిగెమ్మ ఆకలినైనా ఓర్చుకుంటుంది గానీ ఆ మాట పడదు.

మొదటేడు ఏమీ తెలియక తప్పింది. రెండో ఏడు సగం తెలిసి తప్పింది. రెండుసార్లూ సణుక్కుంటూ అదే అంగట్లో ఆముదాలు తీసుకుని పోయి చల్లింది. ఈసారి శివలీలనే పంతులమ్మగా పెట్టుకుంది.

"క్రిమి యాడ దూరుతుందిమా?" అనేది శివలీల రొట్టె తింటూ.

"గాయంలో."

"మూటలో ఏం తీసినారు?"

"తిండియావ. నువ్వు రొట్టె తిను ముందు."

మృగశిర కార్తెలో తొలి వాన పడగానే హులిగెమ్మ కోడుమూరు బస్సెక్కింది. శెట్టి తల వాల్చుకుని అడిగాడు. ఆమె నిలబడి, రాగిగింజలు రాలినట్టు గలగలా చెప్పింది. మన్ను, గాయం, రాత, గడ్డ, మూట, పురుగు. ఎక్కడా తడబడలేదు. శెట్టి కళ్ళద్దాలు సర్దుకున్నాడు. నుదురు తుడుచుకున్నాడు.

"అంతా చెప్పినావు. అల్లుడు దూరేటప్పుడు తొందరగా దూరుతాడా, నిదానంగా దూరుతాడా?"

ఇది శివలీల చెప్పలేదు. "నిదానంగా" అంది హులిగెమ్మ.

"తప్పు."

"అయితే తొందరగా."

"అదీ తప్పు. అదును చూసి దూరుతాడు. పో, మళ్ళీ వారం రా."

హులిగెమ్మకు కోపం నెత్తికెక్కి అక్కడే అరుగు మీద కూలబడింది. ఆమె వెనకాల వరసలో ఉన్నది అదే ఊరి బసవరాజు. బసవరాజు ఎద్దులకంటే బసవరాజుకే ముల్లుగర్ర ఎక్కువ కావాలని ఊళ్ళో అనుకుంటారు.

"క్రిమి యాడ ఉంటుంది?"

"అల్లుని మూటలో."

"ఏం చేస్తుంది?"

"మామను కరుస్తుంది."

"తర్వాత?"

"మామ ఉబ్బుతాడు. పురుగు సస్తాది."

శెట్టి కాసేపు నేలను చూశాడు. "భేష్. సారం పట్టినావప్పా" అని రెండు పొట్లాలు తీసి బల్ల మీద పెట్టాడు.

బసవరాజు పొట్లాలు ఊపుకుంటూ హులిగెమ్మ ముందు నుంచి పోతూ, "ఏమ్మే హులిగెమ్మా, చదవాలమ్మే, ఊరికే వస్తాదా?" అన్నాడు.

ఇంకొకరైతే శెట్టిని నాలుగు తిట్టి ఇంటికి పోయేవాళ్ళు. హులిగెమ్మ చేతిపని మనిషి. మడక ఒక పక్కకు లాగుతుంటే మడకను తిట్టదు, ఎక్కడ వంకర ఉందో వంగి చూస్తుంది. ఆ మధ్యాహ్నమంతా అరుగు మీద కూర్చుని శెట్టిని చూసింది. వచ్చేవాళ్ళు వస్తున్నారు, పోయేవాళ్ళు పోతున్నారు. బాగా చెప్పినవాళ్ళు తప్పుతున్నారు. నత్తినత్తిగా చెప్పినవాళ్ళు పాసవుతున్నారు. మళ్ళీ బాగా చెప్పినవాడొకడు పాసయ్యాడు. మాటల్లో ఏమీ తేలలేదు.

అప్పుడు ఆమె వినడం మానేసి చూడడం మొదలుపెట్టింది. శెట్టి ఎవరి మొగమూ చూడడం లేదు. నేలను చూస్తున్నాడని అందరూ అనుకుంటారు. నేలను కాదు, ఎదుట నిలబడ్డ మనిషి కాళ్ళను చూస్తున్నాడు. పాసయిన కాళ్ళకు నల్లరేగడి ఎండి, మేజోళ్ళు తొడిగినట్టుంది. హులిగెమ్మ తన మడమలు తిప్పి చూసుకుంది. పగుళ్ళ నిండా ఎర్రమన్ను.

మరుసటి వారం పొద్దున్నే బసవరాజు తన నల్లచేలో బోరు కాలవ దగ్గర హులిగెమ్మను చూశాడు. చీర పిక్కల దాకా ఎగ్గట్టి, బురదలో గుండ్రంగా తిరుగుతూ తొక్కుతోంది.

"ఏమ్మే, నా చేన్లో ఏం చేస్తాండావు?"

"పరీక్షకు చదువుకుంటాండా. పోప్పా నీ పని చూసుకో."

బస్సులో కాళ్ళ బురద రాలిపోతుందేమోనని కదలకుండా కూర్చుంది. అంగట్లోకి పోయి కొంగు నెత్తిన కప్పుకుని నిలబడింది. శెట్టి తల వాలింది.

"క్రిమి యాడ ఉంటుంది?"

"కర్నూలులో" అంది హులిగెమ్మ.

"ఏం చేస్తుంది?"

"కోళ్ళు మేపుతాది."

"మూటలో ఏముంటుంది?"

"బొరుగులు."

శెట్టి చాలా సేపు కిందికి చూశాడు. ఆ మొగంలో ఏదో బాధ కనిపించి మాయమైంది. తన క్రిమి చేత కోళ్ళు మేపించడం ఆయనకు కష్టంగానే ఉన్నట్టుంది. అయినా దిగమింగుకున్నాడు.

"భేష్. కొంచెం అటూ ఇటూ అయినా, సారం పట్టినావమ్మా" అని పొట్లం తీసి ఆమె చేతికి ఇచ్చాడు.

హులిగెమ్మ పొట్లం పట్టుకుంది. మూడేళ్ళ నుంచి కలలోకి వచ్చిన పొట్లం. ఇక తిరిగి పోవడమే. కానీ ఆమె పోలేదు.

"శెట్టీ, ఇది ఎర్రచేన్లో ఏస్తే ఏమైతుంది?"

"ఎర్రచేన్లో ఎందుకేస్తావు? నీది రేగడి కదా."

"కాళ్ళు రేగడివి. చేను ఎర్రది."

శెట్టి తల పైకి లేచింది. ఇన్నేళ్ళలో ఆయన కళ్ళు కళ్ళద్దాల గుండా ఒక మనిషి మొగాన్ని చూడడం హులిగెమ్మకు కనబడింది అదే మొదటిసారి.

"నువ్వు ఎవరమ్మా?"

"హనుమాపురం హులిగెమ్మను. నిదానంగా దూరుతాడని చెప్పి తప్పినదాన్ని."

శెట్టి గబుక్కున పొట్లం కోసం చెయ్యి చాచాడు. ఆమె దాన్ని వెనక్కి దాచింది. "ముందు చెప్పు. నాకు మూడేండ్ల నుంచి ఎందుకియ్యవు?"

"మెల్లగా మాట్లాడు తల్లీ. బయట ఇంకా జనం ఉండారు" అని శెట్టి వాకిలి వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఆ క్రిమి చేత పురుగును చంపే రాత రాయించినారు. నీళ్ళు లేకుండా బతికే రాత రాయించలేదమ్మా. మీ గరుసు నేలలో వాన పదైదు దినాలు మొగం చాటేస్తే, పురుగు వచ్చేలోపే చెట్టు పోతుంది. ఇంగ పురుగు వచ్చి ఏం తింటుంది, ఇదెవరిని చంపుతుంది?"

"ఆ మాట మొదటే చెప్పరాదా?"

"చెప్పినా! మొదట్లో అందరికీ అదే చెప్పినా. నీళ్ళుండాయా అంటే, ఉండాయి అనిరి. నీ చేనుకు పత్తి పనికిరాదు అంటే, నా చేనునే అంటావా అని లేచి ఎదురంగడికి పోయిరి. అదే పరీక్ష తప్పినావు అంటే మాత్రం ఎవడూ పోడు. వానికి పట్టుదల వస్తుంది. పాసయ్యేదాకా నా దగ్గరికే వస్తాడు. వారం, ఇంగో వారం, ఇంగో వారం. అట్ల పత్తి అదును పోతుంది. ఆముదాల అదును ఉంటుంది. తిట్టుకుంటా అవే తీసుకుపోతాడు. నీళ్ళు ఉండాయని నోరు చెప్తుంది. కాళ్ళు అబద్ధం చెప్పవు కదా అని..." ఆయన హులిగెమ్మ కాళ్ళ వంక చూసి ఆగిపోయాడు. "ఇప్పుడు అవీ నేర్చినాయి."

"అయితే ఆ అల్లుని కథంతా ఉత్తదేనా?"

శెట్టికి నిజంగా కోపం వచ్చింది. "ఉత్తదా? దాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు! గాయం కాడికి వచ్చేది నిజం, రాత అతికించేది నిజం. కోళ్ళు మేపుతాదంట, కోళ్ళు!"

లోపలి నుంచి నాగేంద్రమ్మ గొంతు వినబడింది. "విత్తనాలు అమ్మకుండా ఎట్ల చూసుకోవాల్నో నేర్చుకునేదానికి అంగడి పెట్టుకున్న మనిషి ఈయన ఒక్కడేనమ్మా ఈ జిల్లాలో."

హులిగెమ్మ ఇంకా పొట్లం వదల్లేదు. మూడేళ్ళ పట్టుదల ఒక మాటతో వదిలేది కాదు. శెట్టి ఆమె చేతి వంక చూశాడు, మొగం వంక చూశాడు. మళ్ళీ పరీక్ష గొంతు పెట్టాడు గానీ, ఈసారి తల వాల్చలేదు.

"మీ ఊర్లో ఎర్రచేన్లో ఎదురంగడి పత్తి ఏసినోళ్ళు ఉండారు కదా. పోయినేడు శివరాత్రికి యాడుండిరి?"

"గుంటూరులో."

"నువ్వు పోయినేడు సుగ్గికి పోయినావా?"

"లేదు."

"అంతకుముందేడు?"

"లేదు."

"ఎందుకు పోలేదు?"

రెండేళ్ళ నుంచి హులిగెమ్మ ఇంటికి తాళం పడలేదు. దేవుని దయ అనుకుంది, శివలీల అదృష్టం అనుకుంది, తన రెక్కల కష్టం అనుకుంది. సణుక్కుంటూ చల్లిన ఆముదాలు మాత్రం ఎన్నడూ గుర్తు రాలేదు.

"ఆముదాలు" అంది చివరికి.

"పాస్" అన్నాడు శెట్టి.

ఆమె పొట్లాన్ని తానే బల్ల మీద పెట్టి, వేలితో అవతలికి తోసింది. "ఆముదాలు ఇయ్యి. పుచ్చులు లేకుండా చూసి ఇయ్యి."

శెట్టి గింజలు చేటలో పోసి చెరుగుతూ, మనసులో ఉన్న బాధ బయటపెట్టాడు. "ఒక కష్టం వచ్చిందమ్మా. మొదట్లో తప్పించేది సులభంగా ఉండె. ఇప్పుడు పిల్లల చేత నేర్చుకుని వస్తాండారు. గడగడా చెప్పేస్తాండారు. తప్పు పట్టేదానికి సందు దొరకదు. అంత బాగా చెప్పినోన్ని చూసి తప్పు అనాలంటే నోరు రాదు. ఒక్కోసారి సంతోషం పట్టలేక పాస్ అనేస్తానేమో అని భయమైతాండాది."

హులిగెమ్మ సంచి కట్టుకుని బయటికి వచ్చింది. అరుగు మీద తన ఊరి రైతే, లేవి అనేవాడు, కూర్చుని కళ్ళు మూసుకుని గొణుక్కుంటున్నాడు. లేవి చేను హులిగెమ్మ చేనుకన్నా పైన, గుట్ట మీదికే ఉంటుంది. అక్కడ మన్నుకంటే రాళ్ళు ఎక్కువ. ఎర్రదుమ్ము మోకాళ్ళ దాకా ఉంది.

"పాసయినావాక్కా?"

"యాడప్పా. శానా కష్టంగా ఉండాది ఈ తూరి."

"నేను పక్కాగా నేర్చుకున్నాలే. ఒక్క ముక్క కూడా పోదు. చూడు, క్రిమి మన్నులో ఉంటుంది, గాయంలో..."

హులిగెమ్మ ఒకసారి అంగడి లోపలికి చూసింది. శెట్టి చేట పక్కన పెట్టి, రాబోయే పరీక్షకు భయపడుతున్న పిల్లవాడిలా నుదురు తుడుచుకుంటున్నాడు.

"ఎవరు చెప్పినారప్పా నీకు మన్నులో అని?" అంది గొంతు తగ్గించి. "అది పోయినేడు. ఈ ఏడు మారింది. మబ్బులో."

"మబ్బులోనా!"

"మబ్బులో. గాయంలో కూడా కాదు, పూలో దూరుతుంది. మూటలో తీసేసిందేమీ లేదు, ఇంగా కలిపినారు. గట్టిగా చెప్పు, తడుముకోవద్దు."

"బతికించినావక్కా" అని లేవి చొక్కా సర్దుకుని లోపలికి పోయాడు.

హులిగెమ్మ సంచి నెత్తికెత్తుకుని రెండడుగులు వేసి ఆగింది. లోపల నుంచి శెట్టి బెరుకు గొంతు వచ్చింది. "క్రిమి యాడ ఉంటుంది?"

"మబ్బులో!" అన్నాడు లేవి, బజారంతా అదిరేలా.

"తప్పు!" అన్నాడు పెద్దసుబ్బయ్య శెట్టి. ఎవరికైనా లాటరీ తగిలితే అరిచే అరుపు అది.